మా బస్సులో పన్నెండు మంది

నేను ఎర్రబస్సులో ఇరవై ఎనిమిదేళ్ళు కండక్టరుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఒకటే దారి. పొద్దున ఆరున్నరకు మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం చేరడం, మధ్యాహ్నం అదే దారిన వెనక్కి రావడం. ఏ మలుపులో ఎవరికి వాంతి వస్తుందో ముందే చెప్పగలిగేవాణ్ణి.

మా కాపురం పుంగనూరులో. నా భార్య నా మేనమామ కూతురు. మదనపల్లె దగ్గర ఒకే తండాలో పుట్టి పెరిగినవాళ్ళం. ఆమె చింతపండు మండీలో గింజలు తీసే పనికి పోయేది. మాకు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళ గురించి, వాళ్ళకు రక్తమిచ్చినవాళ్ళ గురించి ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

పెద్దపిల్లకు చిన్నప్పటి నుంచీ ఒంట్లో బాగుండేది కాదు. చలి పడితే వేళ్ళు ఉబ్బేవి. కాళ్ళు నొప్పులని చాప మీద పొర్లిపొర్లి ఏడ్చేది. కళ్ళు పచ్చగా ఉండేవి. కామెర్లన్నారు, పసరు పోయించాం. వాతమన్నారు, తైలం రాశాం. రక్తం తక్కువన్నారు, బెల్లం, రాగి సంకటి ఎక్కువ పెట్టాం. ఏదీ నిలవలేదు.

దానికి ఏడేళ్ళప్పుడు, తొంభైల మధ్యలో, ఒక పొద్దున బడికి తయారవుతూ వాళ్ళమ్మ ముందు కూర్చుంది. చేతిలో దువ్వెన కింద పడింది. తీసి ఇచ్చింది వాళ్ళమ్మ. మళ్ళీ పడింది. "దువ్వెన కూడా పట్టుకోలేవా" అని కసిరి, తల తిప్పి చూస్తే పిల్ల మూతి ఒక పక్కకు పోయి ఉంది. ఏదో చెప్పబోతే మాట రాలేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి.

నేను పలమనేరు బస్టాండులో ఉండగా కబురొచ్చింది. ఎట్లా ఇల్లు చేరానో గుర్తు లేదు. మొదట చూపించినచోట మూర్ఛ అన్నారు. మా పక్కింటావిడ గాలి సోకిందని నిమ్మకాయలు దిగదుడిచింది. "ఏడేండ్ల పిల్లకి పక్షవాతమేందప్పా, యాడన్నా వింటిమా" అని వీధి వీధంతా వచ్చి చూసిపోయింది.

మూడోరోజు మదనపల్లె తీసుకుపోయాం. అక్కడ ఒక చిన్న ల్యాబులో రక్తం తీసుకున్నారు. ల్యాబు నడిపే పెద్దమనిషి చాలాసేపు సూక్ష్మదర్శినిలో చూసి నన్ను లోపలికి పిలిచాడు.

"ఇట్ల రాప్పా. ఒక కన్ను మూసి సూడు."

చూశాను. గుండ్రటి చుక్కల మధ్య అక్కడక్కడా వంకర తిరిగిన సన్నటి గీతలు.

"కొడవళ్ళ మాదిరి ఉండాయి గదా? రక్తంలో ఉండాల్సినవి గుండ్రంగా ఉండాల. ఇవి వంకర తిరిగి, ఒకదానికొకటి చిక్కుకోని, సన్న నరాల్లో అడ్డం పడతాయి. కాళ్ళ నొప్పులు దీనివల్లనే. ఇప్పుడు తలకాయలో అడ్డం పడినాయి. నువ్వు బెంగుళూరు పో."

బెంగుళూరు పెద్దాసుపత్రిలో ఆ మాటే ఖాయం చేశారు. సికిల్ సెల్ అన్నారు. నాలో సగం, నా భార్యలో సగం ఉందట. సగమున్నవాళ్ళకు ఏమీ కాదట. రెండు సగాలూ బిడ్డలో కలిశాయి. ఒకసారి పక్షవాతం వచ్చిన పిల్లకు మళ్ళీ వచ్చే ప్రమాదం ఉంటుంది కాబట్టి వరసగా రక్తమెక్కించాలని చెప్పారు. ఆరేడు నెలలు తిరిగాం. ఆపైన ఎవరి రక్తం తేవాలి, ఎవరిని అడగాలి? చేతకాక, అప్పుడప్పుడూ ఎక్కించడంతో సరిపెట్టాం. దేవుడి దయ, మళ్ళీ రాలేదు. పడిపోయిన నెలకు మాట వచ్చింది. నడక వచ్చింది, కొంచెం ఈడ్పుతో. కుడిచెయ్యి మాత్రం భుజం దాటి లేవదు, వేళ్ళు రాలేదు. అది పలక ఎడమచేతిలోకి మార్చుకుని మళ్ళీ మొదటి నుంచి అక్షరాలు దిద్దింది.

బెంగుళూరులో జబ్బు పేరు చెప్పేనాటికే నా భార్య అయిదో నెల కడుపుతో ఉంది.

చిన్నది పుట్టింది. ఏడాది నిండాక పరీక్ష చేయిస్తే దానికీ అదే జబ్బు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒక అలవాటు మొదలైంది. పొద్దున లేవగానే పిల్లను నిలబెట్టి, "రెండు చేతులూ పైకెత్తు, పండ్లు చూపించు, నీ పేరు చెప్పు" అనేవాణ్ణి. రెండు చేతులూ సమానంగా లేచి, నవ్వు రెండు పక్కలా సమానంగా వస్తేనే నేను డ్యూటీకి కదిలేది. చిన్నది అన్ని ఇళ్ళలోనూ ఇట్లాగే చేస్తారనుకుంది. ఒకసారి పక్కింటి పిల్లను, "మీ నాయన నీ పండ్లు సూసినాడా?" అని అడిగిందట. ఆ పిల్ల లేదంటే, పాపం అని జాలిపడిందట.

అట్లా ఆరేళ్ళు గడిచాయి. అక్కకు వచ్చిన వయసే చెల్లెలికీ వచ్చింది. రెండు వేలు దాటిన కొత్తలు. ఇంట్లో ఎవరమూ ఆ మాట పైకి అనేవాళ్ళం కాదు.

వేసవి సెలవుల్లో ఒక సోమవారం పెద్దది కుప్పంలో వాళ్ళత్త ఇంటికి పోతానని పుంగనూరులో నా బస్సే ఎక్కింది. అప్పటికి దానికి పదిహేనేళ్ళు. ముందు సీట్లో కూర్చుని, బస్సు ఎంత ఎగిరినా లెక్క చేయకుండా ఎడమచేత్తో ఏదో రాసుకుంటోంది. అక్కడే ఒక డాక్టరమ్మ కూడా ఎక్కింది. కుప్పంలో పని. ప్రతి సోమవారం మా బస్సుకే వచ్చేది. లావుపాటి పుస్తకాలు చదువుతుంది కాబట్టి నేనూ డ్రైవరూ పుస్తకాలమ్మ అనుకునేవాళ్ళం. ఆ రోజు పెద్దదాని పక్కన చోటు దొరికి కూర్చుంది.

కాసేపటికి లేచి, కమ్మీలు పట్టుకుని వెనక నా దగ్గరకు వచ్చింది.

"కండక్టర్ గారూ, ఆ అమ్మాయి మీ కూతురా?"

"అవును మేడం."

"చెయ్యి ఏమైందని అడిగాను. చిన్నప్పుడు పక్షవాతం వచ్చిందంది. సికిల్ సెల్ అని కూడా చెప్పింది."

మా దారిలో ఆ మాట వేరొకరి నోట వినడం నాకదే మొదటిసారి. ఊ కొట్టాను.

"చెల్లెలికి కూడా ఉందట కదా. ఎన్నేళ్ళు?"

"ఏడు నడుస్తాండాది."

"తలకు డాప్లర్ పరీక్ష చేయించారా?"

"అదేంది మేడం?"

"కణతల దగ్గర చిన్న గొట్టంలాంటిది పెట్టి, మెదడుకు పోయే నరాల్లో రక్తం ఎంత వేగంగా పారుతోందో కొలుస్తారు. సూది లేదు, నొప్పి లేదు. నరం ఎక్కడైనా సన్నబడితే అక్కడ రక్తం వేగం పెరుగుతుంది. నీళ్ళ పైపు కొస వేలితో నొక్కితే నీళ్ళు ఎగజిమ్ముతాయి చూడండి, అట్లా. వేగం మరీ ఎక్కువుంటే ఆ పిల్లకు పక్షవాతం వచ్చే ప్రమాదం ఎక్కువ."

"అంటే, వచ్చేదానికి ముందే తెలుస్తాదా?"

"తప్పకుండా వస్తుందని చెప్పదు. ప్రమాదం ఎవరికి ఎక్కువో చెబుతుంది. అట్లాంటి పిల్లలకు నెలనెలా రక్తం ఎక్కిస్తే చాలామందిలో రాకుండా ఆపవచ్చు. ఈమధ్యే కొన్నేళ్ళ కిందట తేలిన సంగతి ఇది."

రాకుండా ఆపవచ్చు. ఆరేళ్ళుగా నేను ప్రతి పొద్దునా పిల్ల పళ్ళు చూసింది వచ్చిందా లేదా అని తెలుసుకోవడానికి. ఆపడమనేది ఒకటుంటుందని నాకెవరూ చెప్పలేదు. చేతిలో టిక్కెట్ల పెట్టె ఉన్న సంగతే మరిచాను. ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు, ఎప్పుడు పోవాలి, ఏం తినిపించి తీసుకుపోవాలి అని ఊపిరి తీసుకోకుండా అడుగుతున్నాను. ఆమె ఓపికగా చెబుతోంది.

"ఏందప్పా, గంగవరం దాటిపాయె. ఈల ఊదవా?" అని ఒక ముసలామె అరిచింది.

డ్రైవరు బస్సు ఆపాడు. ముసలామె తిట్టుకుంటూ దిగింది. నేను ఆమె మూట అందించాను. నవ్వు ఆపుకోలేకపోతున్నాను. ఆమె నా ముఖం చూసి, "పిచ్చి పట్టిందేమో వీనికి" అని పక్కనున్నామెతో చెప్పి పోయింది.

సాయంత్రం ఇంటికి చేరి సంగతి చెబితే నా భార్య వెంటనే నమ్మలేదు.

"గొట్టం పెట్టి వింటే నరాలు తెలుస్తాయా, బావా? ఎవరన్నా ఎగతాళికి చెప్పినారేమో."

"డాక్టరమ్మ చెప్పింది. శనివారం పోతాండాము. నలుగురమూ."

శనివారం తెల్లవారి బస్సుకు కుప్పం చేరి బెంగుళూరు రైలెక్కాం. చిన్నదానికి రైలు కొత్త. కిటికీ వదలలేదు.

ఆసుపత్రిలో చిన్న గది. లోపల ఒక డాక్టరు, ఒక యంత్రం. పిల్లను పడుకోబెట్టి, కణతకు చల్లటి జిగురు రాశారు. నిద్రపోకూడదు, ఏడవకూడదు, మాట్లాడకూడదు అన్నారు. నా భార్య కాళ్ళ దగ్గర కూర్చుని మా తండా భాషలో, చిన్న గొంతుతో, తప్పిపోయిన మేకపిల్ల కథ చెప్పడం మొదలుపెట్టింది. డాక్టరు గొట్టాన్ని అటూ ఇటూ కదిలించాడు. ఉన్నట్టుండి యంత్రంలోంచి చప్పుడు వచ్చింది.

వుష్, వుష్, వుష్.

అది నా కూతురి మెదడుకు పారుతున్న రక్తం. చేటలో ఇసుక ఆడించినట్టుంది. పెద్దది నా చెయ్యి పట్టుకుంది. డాక్టరు కుడి పక్క చూసి, ఎడమ పక్కకు వచ్చాడు. అక్కడ ఆ చప్పుడు మారింది. సన్నగా, తొందరగా, ఈల వేసినట్టు. నాకు చదువు తక్కువైనా ఆ తేడా నా చెవికి తెలిసింది. డాక్టరు అక్కడే మూడుసార్లు ఆపి కొలిచాడు.

బయట కూర్చోబెట్టి చెప్పాడు. రక్తం వేగం సెకనుకు రెండు వందల సెంటీమీటర్లు దాటితే ప్రమాదం కింద లెక్క, మా పిల్లకు దాటింది. రెండు వారాల తర్వాత ఇంకోసారి చేసి ఖాయం చేసుకుందాం, కానీ రక్తం ఏర్పాట్లు ఇప్పుడే మొదలుపెట్టండి అన్నాడు. పెద్దదాని చెయ్యి కూడా చూశాడు. దీనికి మధ్యలో ఆపి తప్పు చేశారు, ఇద్దరికీ వరసగా ఎక్కించండి అన్నాడు.

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఏడవాలో ఎగరాలో తెలియలేదు. నిజం చెబుతున్నాను, భయం కంటే ఎక్కువగా ఏదో ఉబలాటం. చేయడానికి ఒక పని దొరికిన మనిషి ఉబలాటం అది. అప్పుడు పెద్దది వాళ్ళమ్మ పక్కన కూర్చుని అన్నది:

"యాల ఏడస్తావుమా? నాకు చెప్పకుండా వచ్చింది. దీనికి చెప్పి వస్తాండాది. వాకిలి మూసేస్తే సరిపాయె."

నా భార్య దాని ముఖం కేసి చూసి కొంగు తీసేసింది.

రెండోసారి పరీక్షలోనూ అదే తేలింది. మదనపల్లెలో ఒక పిల్లల డాక్టరు రక్తం ఎక్కించడానికి ఒప్పుకున్నాడు. నేను చొక్కా చెయ్యి మడిచి, నా రక్తం తీసుకోండి అన్నాను. తల అడ్డంగా ఊపాడు. మీలో ఆ సగం ఉంది, మీ ఇద్దరిదీ వద్దు, దగ్గరి చుట్టాలదీ వద్దు అన్నాడు. బిడ్డకు తండ్రి రక్తం పనికిరాకపోవడం ఏం రాత అనుకున్నాను. ఇద్దరు పిల్లలకూ ఓ పాజిటివే కావాలి. నెలకు మూడు సీసాలు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇవ్వడానికి మూడు నెలలు, ఆడవాళ్ళయితే నాలుగు నెలలు ఆగాలి. జ్వరాలు, ప్రయాణాలు పోగా కనీసం పన్నెండు మంది ఉండాలి.

పన్నెండు మంది పరాయివాళ్ళు. నేను ఎవరినీ మంచినీళ్ళు కూడా అడగలేని మనిషిని. నాలుగు రోజులు బస్సులో నోరు తెరవలేకపోయాను. అయిదోరోజు, సోమవారం, పుంగనూరు బస్టాండులో జనం ఎక్కి కూర్చున్నాక, మా డ్రైవరు ఇంజను ఆపేశాడు. భారీ మనిషి. సీట్లోంచి లేచి జనం వైపు తిరిగాడు.

"అప్పా, అమ్మా, ఒక మాట ఇనండి. మన కండక్టరు బిడ్డలకి నెలనెలా రక్తం కావాల. ఎక్కిస్తే పక్షవాతం రాదు, ఎక్కించకపోతే వస్తాదేమో. నాది వేరే గ్రూపు, పనికిరాలే. మీలో ఎవరిది పనికొస్తాదో సూసుకోండి. అడిగేదానికి ఈయప్పకి నోరు రాదు. అందుకే నేను అడగతాండాను."

నేను సిగ్గుతో తల వంచుకున్నాను. ఎవరో, "రక్తమిస్తే సత్తువ పోదా?" అన్నారు. పుస్తకాలమ్మ లేచి, పోదు, కొన్ని వారాల్లో ఒంట్లో మళ్ళీ పడుతుందని చెప్పింది.

వెనక సీట్లో కూరగాయల బుట్టల మధ్య కూర్చున్నామె నవ్వింది. చౌడేపల్లె నుంచి ఆటోలో పుంగనూరు వచ్చి, మా బస్సులో పలమనేరు పోయి అమ్ముకునే మనిషి. ప్రతిరోజూ లగేజీ దగ్గర నాతో పోట్లాడేది.

"నాది ఏ గ్రూపో నాకేం తెలుసు. తీసి సూసుకోండి. ముగ్గుర్ని కన్నా, సూదికి బయపడతానా?"

ఆమెది ఓ పాజిటివ్. మా మొదటి మనిషి.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. పుంగనూరులో పరుపులు కుట్టే పెద్దాయన ఇంట్లో ఉర్దూ మాట్లాడతాడు, మాతో తెలుగు. "కండక్టర్ భాయ్, నాకి యాభై ఎనిమిది. అరవై దాకా తీసుకుంటారంట గదా. రెండేండ్లు ఇస్తా, ఆపైన నా కొడుకు ఇస్తాడు" అన్నాడు. కుప్పంలో గ్రానైటు పాలిష్ చేసే అరవ అతను, ఇంకో ఇద్దరు తోటి పనివాళ్ళను కూడా తెచ్చాడు. ఆరడుగుల పొడవున్న ఒక బడిపంతులు ధైర్యంగా వచ్చి, సూది చూసి పడిపోయాడు. లేచాక, "ఇంగోసారి ట్రై చేస్తాను" అన్నాడు. రెండోసారి కళ్ళు మూసుకుని ఇచ్చాడు. అయిదు వారాల్లో పన్నెండు మంది పూర్తయ్యారు. పన్నెండో మనిషి దొరికిన రోజు నేను కుప్పం బస్టాండులో డ్రైవరును ఎత్తబోయాను. లేవలేదు. నడుము పట్టుకుంది.

ఎవరు ఎప్పుడిచ్చారు, మళ్ళీ ఎప్పుడివ్వవచ్చు అన్నది పెద్దది గోడ క్యాలెండరు మీద ఎడమచేత్తో రాసేది. ఎవరి వంతు వస్తే వాళ్ళకు వారం ముందు బస్సులో నేను గుర్తు చేసేవాణ్ణి.

మొదటిసారి ఎక్కించిన రోజు అక్కాచెల్లెళ్ళిద్దరినీ పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు. సీసాలోంచి చుక్క చుక్క దిగుతుంటే నేను రెప్ప వేయలేదు. మధ్యాహ్నం కూరగాయలామె బుట్ట చంకన పెట్టుకుని వార్డులోకి వచ్చేసింది.

"ఏ సీసా నాది?"

చిన్నదానికి ఎక్కుతున్నది అని చూపించాను. మంచం అంచున కూర్చుని పిల్ల తల నిమిరింది.

"ఇంగ ఈ పిల్లకి బేరమాడేది వచ్చేస్తాదిలే."

చిన్నది పకపకా నవ్వింది. సాయంత్రానికి దాని పెదాలకు ఎప్పుడూ లేని రంగు వచ్చింది.

నాలుగైదు నెలలు సాఫీగా నడిచింది. అంతలో మా బస్సుల సమ్మె వచ్చింది. నేను కూడా సమ్మెలో ఉన్నాను. డిపో ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. నా సమ్మె నా పిల్లల రక్తానికే అడ్డం పడుతుందని నాకు తట్టలేదు. ఆ నెల వంతు కుప్పం గ్రానైటు పనివాళ్ళది. రావడానికి బస్సు లేదు. అప్పటికే వాళ్ళలో ఒకరి జ్వరం వల్ల వారం ఆలస్యమైంది. ఇంక జరపవద్దు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. కుప్పంలో వాళ్ళ షెడ్డు పక్కనున్న టెలిఫోను బూత్‌కు ఫోను చేశాను.

"రేపు పది గంటలకి ఆడుంటాము. నువ్వు గాబరా పడొద్దప్పా" అన్నాడు అరవ అతను.

"ఎట్ల వస్తారు?"

"వస్తాము" అని పెట్టేశాడు.

మరుసటి రోజు పది దాటింది. పదకొండు దాటింది. నేను ఆసుపత్రి గేటు దగ్గర నిలబడి రోడ్డు చూస్తున్నాను. పక్కన పెద్దది. పదకొండున్నరకు టమోటా మార్కెట్టుకు పోయే లారీ ఒకటి గేటు ముందు ఆగింది. పైన పెట్టెల మీద నుంచి ముగ్గురు దూకారు. కుప్పం నుంచి పలమనేరు దాకా రాయి లారీలో, అక్కడి నుంచి టమోటా లారీలో వచ్చారు. దారిలో గుంతలకు పెట్టెలు చితికి చొక్కాలన్నీ ఎర్రగా తడిసిపోయాయి. లోపలికి పోతుంటే నర్సమ్మ చూసి కేక వేసి, స్ట్రెచర్ తెమ్మంది.

"ఇది రక్తం కాదమ్మా, టమోటా. రక్తం లోపల ఉండాది, తీసుకోండి" అన్నాడు అతను.

ఆ వార్డులో ఎన్నడూ వినని నవ్వులు విన్నాను. ముగ్గురూ ఇచ్చారు. పరీక్షలు పూర్తయి సాయంత్రానికి రక్తం ఎక్కింది. టమోటా లారీ డ్రైవరు కూడా కిందికి దిగి, నాదీ సూడండి అని చెయ్యి చాపాడు. అతనిది వేరే గ్రూపు. చాలా నొచ్చుకున్నాడు.

ఏడాది తిరిగింది. మళ్ళీ బెంగుళూరు పోయాం. అదే గది, అదే జిగురు. చిన్నదానికి ఇప్పుడు ఎనిమిది. మేకపిల్ల కథ వద్దు, కొత్తది చెప్పు అంది. డాక్టరు కుడి పక్క విన్నాడు. ఎడమ పక్కకు వచ్చాడు. నేను గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి విన్నాను. వుష్, వుష్. ఈల లేదు. రెండు పక్కలా ఒకటే చప్పుడు. డాక్టరు నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది. ఆయన అంకె రాసి, చాలా తగ్గింది, మామూలుకు వచ్చేసింది అన్నాడు. ఇట్లాగే కొనసాగించండి అన్నాడు.

నా భార్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆయన సిగ్గుపడి, నాకు కాదు, రక్తమిచ్చినవాళ్ళకు పెట్టండి అన్నాడు.

రైల్లో కుప్పం దాకా ఎవరమూ కుదురుగా కూర్చోలేదు. ఎదురు సీట్లో ముక్కూ ముఖం తెలియని వాళ్ళకు కూడా కథంతా చెప్పాను. కుప్పం బస్టాండులో మా బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కిటికీ దగ్గరకు పోయి డ్రైవరుకు ఒక్క మాట చెప్పాను, "తగ్గింది" అని. అతను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. బస్టాండు కంట్రోలరు పరుగెత్తుకుంటూ వచ్చాడు. కూరగాయలామెకు, పరుపులాయనకు మరుసటి రోజు చెప్పాను. పరుపులాయన కళ్ళు తుడుచుకుని, "నా వంతు ఎప్పుడు?" అన్నాడు.

జబ్బు పోయిందని చెప్పను. చలికాలంలో ఇద్దరికీ నొప్పులు వస్తాయి. రక్తం ఎక్కువసార్లు ఎక్కితే ఒంట్లో ఇనుము పేరుకుంటుందని దానికి వేరే మందు వేసుకోవాల్సి వచ్చింది. ఆ మందుతో కడుపులో వికారం, పిల్లలు తిట్టుకుంటూ మింగేవాళ్ళు. కొన్నేళ్ళకు చిన్నదాన్ని డాక్టరు జాగ్రత్తగా, నెమ్మదిగా, రక్తం నుంచి ఒక గుళిక మీదికి మార్చాడు. ఆరు నెలలకోసారి ఆ చప్పుడు పరీక్ష మానలేదు. చిన్నది పదో తరగతి పరీక్షలు రెండు చేతులతో రాసింది. అంటే, ఒక చెయ్యి నొప్పి పుడితే రెండో చేత్తో. అక్క దానికి ఎడమచేతి రాత నేర్పించింది, ఊరికే, పోటీకి.

చిన్నదానికి పదేళ్ళప్పుడు ఇంకొకటి జరిగింది. పుస్తకాలమ్మ ఒకరోజు నన్ను అడిగింది, మీ తండాలో ఇంకెంతమంది పిల్లలకు ఉందో ఎప్పుడన్నా చూశారా అని. నేను చూడలేదు. నా పిల్లల గొడవలో నాకు తోచలేదు. ఒక ఆదివారం ఆమె, నేను, పెద్దది తండాకు పోయాం. ఆడవాళ్ళు పిల్లలను కొంగుల వెనక దాచారు. మా పిల్లోళ్ళు బాగుండారు, సూదులెందుకు అన్నారు. డాక్టరమ్మ తెలుగులో ఎంత చెప్పినా వినలేదు.

పెద్దది ముందుకు వచ్చింది. కుడిచెయ్యి భుజం దాకా మాత్రమే లేపి, మా భాషలో చెప్పింది:

"నేను కూడా బాగుంటిని, దువ్వెన కింద పడేదాకా. నా చెల్లెలు ఇప్పటికీ బాగుండాది. మాకిద్దరికీ ఒకటే జబ్బు. నాకు ముందుగా ఎవరూ చూడలేదు, దానికి చూశారు. మధ్యలో తేడా అంతే."

కాసేపటికి ఒకావిడ తన కొడుకును ముందుకు తోసింది. ఆ వెనక ఇంకొకామె. సాయంత్రానికి తండాలో పిల్లలందరి వేళ్ళకూ దూది అంటించి ఉంది. పూర్తి జబ్బు నలుగురిలో కనిపించింది. ఆ నలుగురినీ, వాళ్ళ తల్లులనూ, నేనే వెంటబెట్టుకుని కుప్పంలో రైలెక్కించాను. ముగ్గురికి వేగం మామూలుగానే ఉంది. అయిదేళ్ళ ఆడపిల్ల ఒకదానికి రెండు వందలు దాటింది. ఆ పిల్లకు అప్పటిదాకా ఏమీ కాలేదు. మేకలతో పోటీ పడి పరుగెత్తే పిల్ల.

వాళ్ళమ్మ నన్ను, "మీ బస్సోళ్ళు ఇస్తారంట గదన్నా?" అని అడిగింది.

ఆ పిల్లదీ ఓ పాజిటివే. మర్నాడు పొద్దున పుంగనూరు బస్టాండులో నేనే, మొదటిసారి నా నోటితో, జనానికి చెప్పాను. మాట తడబడలేదు. కూరగాయలామె, పరుపులాయన కొడుకు ఇద్దరూ ఒకేసారి లేచారు. నా వంతు ముందొచ్చిందంటే నా వంతు ముందొచ్చిందని వాదించుకున్నారు. పొడుగు పంతులు మధ్యలోకి వచ్చి, క్యాలెండరు చూద్దాం అన్నాడు. క్యాలెండరు ఇంట్లో ఉంది. మా డ్రైవరు బస్సును బస్టాండులోంచి తీసి, మా వీధి మలుపు దగ్గర నిలిపాడు. నేను పరుగెత్తుకుంటూ పోయి గోడ మీది క్యాలెండరు మేకుతో సహా పీక్కొచ్చాను. కూరగాయలామె వంతే ముందు. ఆమె బుట్టల మధ్య కూర్చుని, గెలిచినట్టు చుట్టూ చూసింది.

వారం తర్వాత ఆ పిల్లకు మొదటి సీసా ఎక్కింది. దాని పక్కన మంచం మీద కూర్చుని నా చిన్నకూతురు, అప్పటికి అంతా తెలిసిన మనిషి మాదిరిగా, ఏం కాదు, కొంచెం చల్లగా ఉంటుంది అంతే అని చెబుతూ ఉంది.